ముళ్లపొదల పద్దు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా, డిసెంబర్ 17, 2025న కోట్‌పల్లిలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది యజమాని దయతో ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. దాని గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు "మీకు తోచిన విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. తోచిన విషయం అన్నారు కనుక నేను గడ్డి గురించి, ముళ్లపొదల గురించి, అందులో ఉండే పిట్టల గురించి, వాటి మీద పరిశోధనకు పెట్టే డబ్బు గురించి మాట్లాడదలచుకున్నాను. వెనుక వరుసలో ఇద్దరు మిత్రులు అప్పుడే వాచీ చూసుకున్నారు. ఫరవాలేదు, టీ వచ్చేలోగా ముగిస్తాను.

నేను అటవీశాఖ మనిషిని కాను. ముప్పై ఆరేళ్లు ఆడిట్‌లో పనిచేసి విరమించినవాడిని. ఇతరుల కార్యాలయాలకు వెళ్లి, వాళ్లు పోసిన టీ తాగి, వాళ్ల వోచర్లలో తప్పులు పట్టడమే నా వృత్తి. అందువల్ల చెట్టు పేరు, పిట్ట పేరు చెప్పమంటే తడబడతాను గానీ, ఏ పద్దు కింద ఎంత డబ్బు వచ్చింది, అది దేనికి పోయింది అంటే కొంత చెప్పగలను.

రెండేళ్ల క్రితం చలికాలంలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, నాలుగు నెలలకు ఒక గది అద్దెకు కావాలని అడిగింది. పరిశోధక విద్యార్థిని. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. రోజూ తెల్లవారకముందే లేచి, మెడలో బైనాక్యులర్ వేసుకుని, మా ఊరి పడమట ఉన్న గుట్ట మీదికి వెళ్లేది. ఆ గుట్టను మేము బోడగుట్ట అంటాము. పేరులోనే ఉంది కదా, దాని మీద చెప్పుకోదగిన చెట్టు లేదు. గడ్డి, రేగుపొదలు, అక్కడక్కడ తుమ్మ, తంగేడు. రెవెన్యూ లెక్కల్లో బంచరాయి. గొర్లకాపర్లు తప్ప ఎవరూ వెళ్లరు. అక్కడ ఈ పిల్ల రోజూ ఒకే దారిలో నడిచి, కనబడ్డ పిట్టనల్లా రాసుకునేది. టేపు పట్టి పొదల ఎత్తు కొలిచేది. ఊళ్లో కొందరు రియల్ ఎస్టేట్ వాళ్లు పంపిన మనిషి అనుకున్నారు. నేనూ మొదట్లో అనుమానపడ్డానని ఒప్పుకుంటున్నాను.

ఒకరోజు ఆమె నోటుపుస్తకం వరండాలో కనబడితే, పాత అలవాటు చావదు కదా, తెరిచి చూశాను. గళ్లు గీసి తేదీ, సమయం, స్థలం, జాతి, సంఖ్య అని చక్కగా రాసి ఉంది. అయితే సంఖ్య గడిలో సగానికి సగం సున్నాలు.

"ఏమీ కనబడనప్పుడు పుస్తకంలో రాయడం దేనికమ్మా? కాగితం దండుగ కదా?" అన్నాను.

"వెళ్లి చూసి లేదనడం వేరు సార్, వెళ్లకుండా లేదనడం వేరు" అంది. అని తన పని తాను చూసుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే 1991 దాకా వెనక్కి పోవాలి. అంతకంటే ముందు కలివికోడి సంగతి కొంత చెప్పాలి.

కలివికోడి అనేది ప్రపంచం మొత్తం మీద మన తెలుగునేలకే పరిమితమైందని చెప్పదగ్గ పిట్ట. పొడుగు కాళ్లు, పెద్ద కళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలు పొదల నీడన కదలకుండా ఉంటుంది, రాత్రి తిరుగుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్ దొర దొరికించుకున్న పిట్టను బట్టి 1848లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పుస్తకాలలో దాదాపు రాసేశారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దీని బొమ్మ పట్టుకుని కడప జిల్లాలో ఊరూరా అడిగితే, 1986 జనవరిలో లంకమల దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చిలైటు వెలుగులో ఒక పిట్టను పట్టి తెచ్చాడు. ఆ సొసైటీ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ గారు దానిని చూసి కలివికోడి అని నిర్ధారించారు. ఎనభై ఆరేళ్ల తర్వాత దొరికింది. పట్టి తెచ్చిన ఆ ఒక్క పిట్ట బతకలేదు గానీ, జాతి ఉన్నదని లోకానికి తెలిసింది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే సంవత్సరం తపాలాశాఖ వారు కలివికోడి బొమ్మతో రూపాయి స్టాంపు వేశారు. మన సభ్యులలో తపాలాశాఖ వారు ఉన్నారు, ఎన్ని ఉత్తరాల మీద దానికి ముద్ర కొట్టారో వారికే తెలియాలి.

దాని దరిమిలా కలివికోడి కోసం, బట్టమేక కోసం, ఇంకా అనేక పిట్టల కోసం రాయలసీమలో వెతుకులాటలు మొదలయ్యాయి. 1991లో నేను ఒక ఆడిట్ పార్టీలో సభ్యుడిగా ఒక అటవీ డివిజన్‌కు వెళ్లాను. ఏ డివిజనో, ఏ పిట్ట కోసమో చెప్పను, చెబితే మనుషులు గుర్తుపడతారు. అక్కడి రేంజి ఆఫీసరు ఒకాయన నలుగురు ఊరివాళ్లను పెట్టి, కొన్ని వారాలపాటు రాత్రిపూట తుప్పల్లో తిప్పించాడు. కూలీ, టార్చి బ్యాటరీలు, ఒక జత చెప్పులు. అన్నీ కలిపి నాలుగు వేల రూపాయలు కూడా లేదు. మస్టర్ రోల్ ఉంది, వేలిముద్రలున్నాయి. నేను హాఫ్ మార్జిన్ ఇచ్చాను: జరిగిన పని ఏమిటి, మెజర్‌మెంట్ బుక్ ఏది, ఏర్పడిన ఆస్తి ఏది? ఆయన జవాబు రాశాడు: "పక్షి ఉనికి తెలుసుకొనుటకై రాత్రి సంచారము. కనబడలేదు."

కనబడలేదు! దాని మీద నేను ఎంత సంతోషంగా పారా రాశానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నిష్ఫల వ్యయం అన్నాను. ఆ సొమ్ము ఆయన జీతంలోంచి నెలకు వంద చొప్పున రికవరీ అయింది. నా పారా బాగుందని పైవారు మెచ్చుకున్నారు. ఆ నలుగురినీ మరుసటి ఏడు ఎవరూ పిలవలేదు. పిలిచే ధైర్యం ఎవరికుంటుంది? ఆ తుప్పల్లో రాత్రిపూట ఏం తిరుగుతుందో తెలిసినవాళ్లు ఆ నలుగురే. కూలికి బెంగుళూరు పోయారని తర్వాత ఎవరో చెప్పారు.

అదే రేంజిలో, అదే సంవత్సరం, మొక్కలు నాటిన పద్దు కింద కొన్ని లక్షలు ఖర్చయింది. గుంటలు కొలిచారు, గుంటకు ఇంత అని ఇచ్చారు, పుస్తకంలో ఎక్కింది. నేను టిక్కు పెట్టాను. మొక్కలలో ఎన్ని బతికాయని అడగడం నా పరిధిలో లేదు. గుంట ఉంటే చాలు.

సరే, నా పాపం చెప్పుకున్నాను. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పిట్టల మీద పరిశోధనకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మన చిన్నతనంలో రేషన్ షాపులో అమెరికా ఎర్ర గోధుమలు వచ్చేవి, గుర్తుందా? పి.ఎల్. 480 గోధుమలు. ఆ గోధుమలకు మనం డాలర్లు కాక రూపాయలు కట్టాము. ఆ రూపాయలు మన దేశంలోనే అమెరికా ఖాతాలో కుప్పపడ్డాయి. 1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ గారు అందులోంచి 1,664 కోట్ల రూపాయలకు ఒకే చెక్కు రాసి భారత ప్రభుత్వానికి ఇచ్చారు. మిగిలిన రూపాయలలో కొంత ఇక్కడి పరిశోధనలకు ఖర్చుపెట్టారు. అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే వారి వన్యప్రాణి శాఖ ద్వారా ఆ సొమ్ము బొంబాయి సొసైటీకి చేరి, 1980లలో బట్టమేక మీద, కలివికోడి మీద పరిశోధన సాగింది. అంటే మన తల్లులు క్యూలో నిలబడి కొన్న గోధుమల డబ్బే తిరిగివచ్చి మన పిట్టలను వెతికింది. ఆ గోధుమల్లోనే వయ్యారిభామ విత్తనాలు కూడా వచ్చాయని అంటారు. అదీ మన చెలకలనిండా ఉంది, చూస్తూనే ఉన్నాము.

అప్పటి కర్నూలు జిల్లా నందికొట్కూరు ప్రాంతంలోని రోళ్లపాడులో అసద్ రహమానీ గారు, వారి బృందం ఆ డబ్బుతోనే ఏళ్ల తరబడి బట్టమేకను గమనించారు. 1988లో 614 హెక్టార్లు అభయారణ్యమయింది. బట్టమేక మనిషి నడుమెత్తు ఉండే పిట్ట, ఎగిరే పిట్టల్లో అతి బరువైన వాటిలో ఒకటి. ప్రాజెక్టు గడువు ముగిసింది, డబ్బు ఆగింది. చుట్టూ కాలువలు వచ్చాయి, పంటలు మారాయి. నీరు రావద్దని రైతుకు చెప్పే నోరు నాకు లేదు, కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లతో పండిన అన్నం తిన్నవాడిని. కానీ ఇవాళ రోళ్లపాడులో కృష్ణజింకలు కనబడతాయి గానీ, బట్టమేక కోసం వెళ్లినవారు ఉత్తచేతులతో తిరిగివస్తున్నారు. దేశం మొత్తం మీద నూట యాభై కంటే తక్కువే మిగిలాయని అంచనా.

కలివికోడికి రెండవసారి డబ్బు వచ్చింది బ్రిటన్ నుంచి. అక్కడి ప్రభుత్వానికి డార్విన్ ఇనిషియేటివ్ అని ఒక నిధి ఉంది. 2000 తర్వాత ఆ సొమ్ముతో జగన్నాథన్ గారు మొదలైన పరిశోధకులు లంకమలలో పనిచేశారు. పిట్టను పట్టకుండా, బాధించకుండా ఎలా లెక్కపెట్టారో వినండి. తుప్పల మధ్య దారుల్లో మెత్తటి మట్టి పట్టీలుగా పరిచారు. తెల్లవారి వెళ్లి దాని మీద అడుగుల గుర్తులు చూశారు. తీతువు అడుగు ఏది, కలివికోడి అడుగు ఏది అని కొలతలతో తేల్చారు. దాని కూతను రికార్డు చేసి, సాయంత్రాలు వినిపించి, జవాబు వస్తుందేమో అని చెవులొగ్గి కూర్చున్నారు. ఎక్కువసార్లు జవాబు రాలేదు. రాలేదని రాసుకున్నారు.

ఆ సున్నాలనుంచి ఏం తేలిందో తెలుసునా? కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బొత్తిగా బోడినేలా పనికిరాదు. హెక్టారుకు మూడు వందలనుంచి ఏడు వందల దాకా ఎత్తయిన పొదలుండి, మధ్యమధ్య నేల తెరపిగా ఉంటే అక్కడ ఉంటుంది. పశువులు మితంగా మేసి, కట్టెలు మితంగా కొట్టుకునే చోటే అలా ఉంటుంది. మేత పూర్తిగా ఆపితే పొద కమ్ముకుంటుంది, అతిగా మేపితే పొద పోతుంది. ఇది తెలిసిన తర్వాత నేను ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేశాను. మూడు మీటర్లకు ఒక మొక్క చొప్పున నాటితే హెక్టారుకు 1,111 మొక్కలు పడతాయి. అంటే మొక్కలన్నీ చక్కగా బతికిన రోజున కలివికోడి ఇల్లు పోయినట్లే! నేను 1991లో టిక్కు పెట్టిన గుంటలు ఏ పిట్ట ఇంట్లో తవ్వారో భగవంతుడికే తెలియాలి.

ఆ పరిశోధన వల్ల మరొక మేలు జరిగింది. 2005లో తెలుగుగంగ కాలువ పని ఆ పిట్ట ఉండే తుప్పల్లోకి వచ్చినప్పుడు, ఇక్కడ కలివికోడి ఉంది అని కాగితం మీద చూపించడానికి ఆధారం ఉంది. కాలువ దారి మార్చారు. ఆధారమే లేకపోతే అది ఉత్త పోరంబోకు. తర్వాత మళ్లీ పదేళ్లకు పైగా ఆ పిట్ట గట్టి ఆనవాలు దొరకలేదు. మొన్న 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు తిరిగి, ఆంధ్రప్రదేశ్‌లో ఒకచోట రాత్రివేళ దాని కూతను రికార్డు చేశారు. పేపర్లో ఆ వార్త చదివి నేను మా ఇంటావిడకు రెండుసార్లు వినిపించాను. "మీరెప్పుడూ నా మనవళ్ల మార్కులు కూడా ఇంత సంబరంగా చదవలేదు" అంది.

ఇప్పుడు ఒక్క క్షణం అమెరికా పోయివద్దాము. మనలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లివచ్చినవారే. మా అబ్బాయి 2017లో పశ్చిమ రాష్ట్రాలలో కారులో తిప్పుతుంటే, వందల మైళ్లు బూడిదరంగు పొద తప్ప మరొకటి కనబడలేదు. కారు ఆపి ఒక ఆకు నలిపి వాసన చూస్తే, వినాయక చవితి పూజగది గుర్తొచ్చింది. ఎందుకంటే అది మన మాచిపత్రి కుటుంబానిదే. సేజ్‌బ్రష్ అంటారు. ఇరవైయొక్క పత్రిలో మొదటిదానికి అక్కచెల్లెలు అన్నమాట. ఆ పొదల్లో సేజ్ గ్రౌస్ అని ఒక నేలకోడి ఉంటుంది. వసంతంలో మగవి ఒకచోట చేరి రొమ్ము పొంగించి ఆడతాయి. చలికాలమంతా ఆ పొద ఆకే దాని తిండి. పొద పోతే కోడి పోయినట్లే.

అక్కడివారూ ఆ పొదను పనికిరాని నేల అనే దున్నారు, కాల్చారు, తవ్వారు. దాదాపు సగం పోయింది. అయితే డబ్బు విషయంలో వారు ఒక తెలివైన పని చేశారు. 1937లోనే ఒక చట్టం చేసి, తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్ను సొమ్మును వన్యప్రాణుల పనికి, పరిశోధనకు రాష్ట్రాలకు పంచుతున్నారు. ఏటేటా ఎవరినీ అడుక్కోకుండా వచ్చే పద్దు అది. మనకు పెన్షన్ ఎలాగో ఆ పిట్టకు అది అలాగ. 2010 నుంచి పశువుల పెంపకందార్లకు కూడా డబ్బిచ్చి పొదలు కాపాడిస్తున్నారు. 2021 చట్టంలో సేజ్‌బ్రష్ కోసమని ఐదేళ్లకు ఐదు కోట్ల డాలర్లు విడిగా పెట్టారు. ఇన్ని చేసినా అక్కడంతా బాగుందని చెప్పను. ఆ కోడి తగ్గుతూనే ఉంది. చమురు వాళ్లు, పశువుల వాళ్లు, పర్యావరణం వాళ్లు కోర్టుల్లో కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ కోడిని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చదగినదే గానీ ముందు వేరేవి ఉన్నాయని 2010లో అన్నారు, 2015లో అసలు అవసరం లేదన్నారు. అయితే ఒక తేడా ఉంది. దశాబ్దాల తరబడి లెక్కపెట్టిన పుస్తకాలు వారి దగ్గర ఉన్నాయి కనుక తగాదా పడుతున్నారు. మన బోడగుట్ట గురించి తగాదా పడడానికి మన దగ్గర ఒక్క కాగితం లేదు.

మన దగ్గర డబ్బు లేదా? ఆ మాట నేను ఒప్పుకోను. అడవి భూమిని వేరే పనికి తీసుకున్నప్పుడు తీసుకున్నవారు కట్టే సొమ్ముకు కంపా నిధి అని పేరు. 2016లో దానికి చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం ఆ నిధినుంచి రాష్ట్రాలకు 47 వేల కోట్లు పైచిలుకు పంపితే, తెలంగాణ వాటా 3,110 కోట్లు. డబ్బుంది. పేరులోనే వనీకరణ అని ఉంది కనుక, ఆ డబ్బు చూపు మొదట మొక్క మీదికే పోతుంది. దానితో గడ్డినేల పని చేయకూడదని మాత్రం ఎక్కడా లేదు. రాజస్థాన్‌లో బట్టమేకల పునరుద్ధరణకు 2016లో ఏడేళ్లకని 33 కోట్ల 85 లక్షలు మంజూరు చేసింది ఈ కంపా నుంచే. జైసల్మేర్ దగ్గర గుడ్లు పొదిగించి పిల్లలు చేస్తున్నారు. కృత్రిమ గర్భధారణతో 2024లో ఒక పిల్ల పుట్టింది. ముప్పై ఏళ్ల ముందే రోళ్లపాడులో ఇందులో పదో వంతు పెట్టి ఉంటే అని నా మనసులో అనుకుంటాను.

ఇంకొక పద్దు చూడండి, ఇది నాలాంటి లెక్కల పురుగులకు తప్ప ఎవరి కంటా పడదు. అడవి తీసుకున్నవారు హెక్టారుకు ఎంత కట్టాలో 2008లో సుప్రీంకోర్టు ఆమోదించిన రేట్లున్నాయి. దట్టమైన మేలురకం అడవికి 10 లక్షల 43 వేలు. అన్నిటికంటే తక్కువ, 4 లక్షల 38 వేలు, దేనికో తెలుసునా? పలచని ముళ్ల అడవికి. తర్వాత రేట్లు సవరించారు గానీ, నేను చెప్పేది ఆలోచన గురించి. ప్రపంచంలో మరెక్కడా లేని కలివికోడి ఉండేది సరిగ్గా ఆ పలచని ముళ్ల అడవిలోనే. అన్నిటికంటే చవక రేటు దాని ఇంటికే కట్టాము. హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారు తయారుచేసే దేశపు బంజరుభూముల అట్లాసులో కూడా దట్టమైన పొదలున్న నేల, పలచని పొదలున్న నేల రెండూ బంజరు కిందే లెక్క. ఉపగ్రహం తప్పు చూడలేదు, పొదనే చూసింది. దానికి బంజరు అని పేరు పెట్టింది మనమే.

మన జిల్లా సంగతి. పూడూరు మండలం దామగుండంలో నౌకాదళం రాడార్ కేంద్రానికి 2,900 ఎకరాల అటవీభూమి ఇచ్చారు, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన అయింది. దేశరక్షణ గురించి నేను వాదించను, నా తమ్ముడు సైన్యంలో పనిచేసినవాడే. నా ప్రశ్న ఆడిటరు ప్రశ్న: దానికి బదులుగా వచ్చిన సొమ్ముతో ఎక్కడో మొక్కలు నాటేముందు, ఆ 'ఎక్కడో' అనే నేల మీద ఇప్పుడేముందో చూడడానికి అందులో ఒక్క శాతమైనా తీసిపెట్టారా? మోమిన్‌పేట వైపు ఎన్‌కతల గడ్డిమైదానం ఉంది. చలికాలంలో వేల మైళ్లనుంచి వచ్చే వలస గద్దలు, నేలమీద వాలే గుడ్లగూబలు అక్కడ కనబడతాయి. హైదరాబాదునుంచి పిల్లలు ఆదివారాలు కెమెరాలు వేసుకుని వస్తారు. అది మన కళ్లకు ఖాళీ జాగా.

మళ్లీ మా ఇంటి అమ్మాయి దగ్గరికి వస్తాను. నాలుగు నెలలకని వచ్చిన పిల్ల మూడో నెలలో అద్దె ఇవ్వలేక తలవంచుకుని నిలబడింది. అడిగితే చెప్పింది, ఫెలోషిప్ ఏడు నెలలుగా రాలేదట. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37 వేలు. అది కాగితం మీద. చేతికి అందేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఏ కార్యాలయంలో ఆగిందో నేను చెప్పను. మనలాంటివాడే ఎవడో ఒకడు, ఫైలు మీద "వినియోగ పత్రము జతచేయలేదు" అని రాసి ఇంటికి పోయి ఉంటాడు. నేను అలా ఎన్ని రాయలేదు! మనకు డి.ఎ. మూడు నెలలు ఆలస్యమైతే ధర్నాచౌక్‌కు పోతామే, ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? మన దేశం పరిశోధనలన్నిటి మీద కలిపి పెట్టేదే స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులో ముళ్లపొదల్లో పిట్టలు లెక్కపెట్టే ఆడపిల్ల దాకా వచ్చేది ఎంత అని నేను లెక్క వేయలేదు, నా దగ్గర అంత చిన్న పెన్సిల్ లేదు.

అద్దె వద్దన్నాను. అయినా ఆ పిల్ల సంక్రాంతికి ఇంటికి పోయి తిరిగి రాలేదు. నగరంలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతున్నదని ఫోన్ చేసింది. "సార్, ఫిబ్రవరి, మార్చి గళ్లు ఖాళీగా ఉండిపోయాయి" అంది. అద్దె గురించి కాదు, ఉద్యోగం గురించి కాదు, ఆ గళ్ల గురించి బాధపడింది. నోటుపుస్తకం జిరాక్సు నా దగ్గర ఉంచి పోయింది.

అప్పటినుంచి ఆ గళ్లు నేను నింపుతున్నాను. నవ్వకండి. వారానికి రెండు రోజులు, మోకాళ్లు సహకరించినంత మేర, ఆ పిల్ల గుర్తుపెట్టిన రాళ్ల వెంబడి ఒక కిలోమీటరు. మొదట్లో కౌజుకు, పూరేడుకు తేడా తెలిసేది కాదు. ఊళ్లోని ఒక గొర్లకాపరి తాత నేర్పాడు. ఆయన పేరు పెడితే మొహమాటపడతాడు. ఏ పొద కింద ఏది గుడ్లు పెడుతుందో ఆయన చూడకుండా చెబుతాడు. 1991 నాటి ఆ నలుగురు ఇలాంటివారే అయ్యుంటారు. ఇప్పుడు ఆయనకు బీడీకట్ట, టీ ఖర్చు నా పెన్షన్‌లోంచి పోతున్నది. వోచరు లేదు, అభ్యంతరం పెట్టేవారూ లేరు.

అయితే పోయిన జూన్‌లో గుట్టకు ఉత్తరం పక్క గుంటలు తవ్వారు. ఎవరు తవ్వించారన్నది ఇక్కడ అనవసరం. వరుసలు చక్కగా ఉన్నాయి, కొలతలకు వంక పెట్టలేము. మొక్కల్లో సగం దసరాకే ఎండాయి. ఆ పక్కన నా గళ్లలో ఇప్పుడు సున్నాలే ఎక్కువ. దక్షిణం పక్క వచ్చే వానాకాలానికి ఉందని విన్నాను. నీడనిచ్చే చెట్టుకు నేను శత్రువును కాను. రోడ్ల పక్కన, బళ్లలో, మన ఇళ్ల ముందు ఎన్నైనా నాటుదాము. గడ్డి ఉన్నచోట గడ్డిని చూసి నాటండి అంటున్నాను, అంతే.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజల రిజిస్టరు ఒకటి రాయాలి. నేను ఒక ఊరి రిజిస్టరు చూశాను, ఏ ఊరో అడగవద్దు. పిట్టల పేజీలో కాకి, పిచ్చుక, పావురం అని మూడే ఉన్నాయి. ఇక్కడ కూర్చున్న మనకు రాయడం రాదా? నలభై ఏళ్లు రిజిస్టర్లు రాసినవాళ్లమే. రెవెన్యూ వాళ్లున్నారు, సర్వే నంబర్లు వారికి కంఠతా. పంతుళ్లున్నారు, దస్తూరి ముత్యాలు. పశువైద్య శాఖ వారున్నారు. పరిశోధనకు కోట్లిచ్చే శక్తి మనకు లేదు గానీ, పరిశోధన చేయవచ్చేవారికి పాతికేళ్ల తర్వాత పనికివచ్చే పుస్తకం ఒకటి రాసిపెట్టే తీరిక ఉంది. బోడగుట్ట దక్షిణం పక్క గుంటలు తవ్వేముందు ఒక ఏడాది అక్కడున్నవాటిని లెక్కపెట్టి రిజిస్టరులో ఎక్కించాలని కోరుతూ ఒక అర్జీ రాసి తెచ్చాను. సంతకాలకు టీ బల్ల దగ్గర పెట్టాను. ఇష్టమైనవారు చేయండి, బలవంతం లేదు. జతచేయవలసినవన్నీ జతచేశాను, ఆ పొరపాటు మళ్లీ జరగనివ్వను.

ఇంకొక మనవి. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు కోట్‌పల్లి బస్సు ఆగేచోట టీ హోటల్ ముందు ఉంటాను. చలి ఎక్కువగా ఉంది, మఫ్లర్లు తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు గుట్ట కింద కూర్చుని రాసిపెడితే చాలు. బైనాక్యులర్ ఒకటే ఉంది, వంతులవారీగా చూద్దాము. గొర్లకాపరి తాత కూడా వస్తానన్నాడు. పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, గళ్లు గీసి ఉంచాను.